ప్లగ్గు విప్పే చేతికి సబర్ కావాలి

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్ళం, కారు ప్లగ్గుల సంగతి ఎత్తుకున్నామేమిటని కొందరికి నవ్వు రావచ్చు. కాని మన ఇళ్ళల్లోనే చూడండి. పదో తరగతి అయిన పిల్లలు కొందరు కాలేజీకి పోతారు, కొందరు మోటారు షెడ్డుకు పోతారు. మన మన్నెగూడ సాగర్ రోడ్డు మీద ఉన్న ఊరు. ఆర్టీఏ ఆఫీసు కూడా ఇక్కడే ఉంది. బండ్లకు కొదవ లేదు. షెడ్డులో చేరిన కొత్త పిల్లవానికి ఉస్తాదు అప్పజెప్పే మొదటి పనుల్లో ప్లగ్గు విప్పడం ఒకటి. చూపుకు చిన్న పనే. చేయి తప్పిందంటే మాత్రం ఇంజన్ హెడ్డే దించవలసి వస్తుంది. ఆ ఖర్చు ఎవరి మీద పడుతుందో, ఎవరి నౌకరీ పోతుందో మీకు తెలుసు. కనుక ఇది రోజీరోటీ సంగతి.

1902లో జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీరు హోనోల్డ్ హైటెన్షన్ మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును తయారుచేశాడు. మన దేశంలో 1951లో బెంగుళూరులో వెలసిన మైకో కంపెనీ పేరు ప్లగ్గుల మీద చూసిన పెద్దలు ఈ సభలో చాలామందే ఉంటారు. ఇప్పుడా కంపెనీ పేరు కూడా బాష్. డీజిలు బండికీ, బ్యాటరీ బండికీ ఈ ప్లగ్గు ఉండదు. పెట్రోలు, గ్యాసు బండ్లకే ఉంటుంది.

ఇక ప్లగ్గు ఎందుకు బిగుసుకుపోతుంది? ప్లగ్గు ఒళ్ళు ఉక్కు, హెడ్డు అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెండింతలు సాగుతుంది. రోజూ కాగి, రోజూ చల్లారే ఈ రెండు లోహాల నడుమ తేమ చేరితే తుప్పు పడుతుంది. కింది చూడీలకు మసి పట్టి రాయిలా అవుతుంది. ఏళ్ళ తరబడి విప్పకుండా వదిలేస్తే ఇక కదలదు. వీటన్నిటికీ తోడు, మొదట బిగించినవాడి అతి బలం.

పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజన్ హెడ్డు పోత ఇనుముది. ఒక పట్టు ఎక్కువ పట్టినా ఓర్చుకునేది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 హెడ్డు అల్యూమినియంది. ఈ రెండు బండ్ల తయారీ 2014లో ఆగిపోయింది. కాని ఇనుప హెడ్డు నాటి “ఇంకో పట్టు పట్టు బేటా” అనే మాట మాత్రం ఇంకా ఆగలేదు. అసలు కీడు అక్కడే ఉంది.

విప్పే పద్ధతి చెప్తాం, పిల్లలు శ్రద్ధగా వినండి. ఇంజన్ చల్లారేదాకా ముట్టుకోవద్దు. వేడి మీద అల్యూమినియం మెత్తబడి ఉంటుంది, చూడీలు ప్లగ్గుతోపాటే ఊడివస్తాయి. వైరును పట్టి లాగవద్దు, టోపీని పట్టి తీయండి. ప్లగ్గు గుంటలోని దుమ్మును గాలితో ఊదేయండి. లేకుంటే ఆ ఇసుక సిలిండర్లోకి పోతుంది. పానా ప్లగ్గు మీద నిటారుగా కూర్చోవాలి, వంకరగా పడితే పింగాణీ పగులుతుంది. మొదట ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే తిప్పండి. కిర్రుమంటే ఆగండి. తుప్పు వదిలించే నూనె నాలుగు చుక్కలు వేసి, చాయ తాగి రండి. తర్వాత కొంచెం బిగించండి, కొంచెం వదలండి. ఇట్లా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయాలి తప్ప ఒకే గుంజుడు గుంజరాదు.

అమెరికాలో ఫోర్డు వారి 5.4 లీటర్ల మూడు వాల్వుల ఇంజన్లలో ప్లగ్గులు విప్పుతుంటే విరిగి, కింది ముక్క లోపలే ఉండిపోయేది. కంపెనీ తన మెకానిక్కులకు రాసి పంపిన ఉపాయం కూడా ఇదే. ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు వదిలి, కార్బురేటర్ క్లీనర్ పోసి, కనీసం 15 నిమిషాలు ఆగమన్నారు. అంత పెద్ద కంపెనీకి దొరికిన మందు కూడా సబరే!

బిగించేటప్పుడు పానా చేతిలోకి తీసుకోకముందే సగం పని అయిపోవాలి. చిన్న రబ్బరు పైపు ముక్క ప్లగ్గు తలకు తొడిగి, దానితోనే తిప్పండి. ప్లగ్గు వంకరగా ఎక్కితే రబ్బరు జారుతుంది, చూడీలు బతుకుతాయి. అదే పానాతో మొదలుపెడితే వంకర ప్లగ్గు కూడా చూడీలను కోసుకుంటూ లోపలికి పోతుంది. వేళ్ళ బలానికి ఆగిన తర్వాత, కొత్త వాషరు ఉన్న 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు ఇంకో సగం చుట్టు, మహా అయితే మూడింట రెండు వంతుల చుట్టు చాలు. వాడిన వాషరైతే పన్నెండో వంతు చుట్టే. కొలత పానా ఉంటే అల్యూమినియం హెడ్డుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. అంటే జానెడు పొడవు పానా కొసన పది పన్నెండు కిలోల బలం. 10 మిల్లీమీటర్ల సన్న ప్లగ్గుకు 10 నుంచి 12 మాత్రమే. వాషరు లేని కోను ప్లగ్గుల లెక్క వేరు. అందుకే డబ్బా మీద రాసింది చదవాలి.

ఇక చూడీలకు గ్రీజు పూయడం. ప్లగ్గు మళ్ళీ సులువుగా రావాలని ఉస్తాదులు మంచి మనసుతోనే పూస్తారు. కాని ఇప్పటి ప్లగ్గులకు చాలావరకు తుప్పు పట్టని పూత కంపెనీలోనే వేసి వస్తుంది. ఎన్‌జీకే వారు తమ ప్లగ్గులకు గ్రీజు వద్దనే చెప్తారు. కారణం ఏమంటే, గ్రీజు ఉంటే ప్లగ్గు నున్నగా జారుతుంది, అదే బలానికి 20 శాతం దాకా ఎక్కువ బిగుస్తుంది. మేలు చేయబోతే చూడీలు సాగిపోతాయి, ప్లగ్గు విరగనూ వచ్చు. బండి పుస్తకం పూయమంటేనే పూయండి. అది కూడా చూడీలకే, నిప్పు పుట్టే కొసకు తగలకుండా.

ఉస్తాదును ఎదిరించమని మేము చెప్పడం లేదు. ఉస్తాదు చేతి అలవాటు ఏ పుస్తకంలోనూ దొరకదు. కాని లోహం మారింది, లెక్క మారింది. ఆ మారిన లెక్క డబ్బా మీద, పుస్తకంలో ఉంది. చదవడం వచ్చిన షాగిర్దు దాన్ని అదబ్‌గా ఉస్తాదుకు చదివి వినిపిస్తే ఇద్దరి ఇజ్జతూ నిలుస్తుంది. పిల్లవాడు షెడ్డుకు పోతున్నాడు, ఇక చదువెందుకు అనే తల్లిదండ్రులకు మా మనవి ఇదే. పానా పట్టిన చేతికే చదువు ఎక్కువ అవసరం.

చివరగా సంఘం పెద్దలకు ఒక విన్నపం. సంఘం డబ్బుతో ఒక కొలత పానా కొని ఆఫీసులో ఉంచండి. షెడ్డుల్లో పనిచేసే మన పిల్లలు రాసిచ్చి తీసుకుపోతారు, పని కాగానే తిరిగి తెచ్చిస్తారు. ఒక్క హెడ్డు చెడకుండా ఆపినా ఆ పానా ఖరీదు తీరినట్టే.