ఒహాయో గట్టున జడ్జి కుర్చీ

బతుకంతా జిల్లా కోర్టు మెట్లు ఎక్కి దిగిన ఒక వకీలుగారి స్మృతిలో జరిగే ఈ సభలో మరో వకీలు గురించి చెప్పాలనిపించింది. ఆయన అమెరికాలోని రోడ్ ఐలండ్‌కు చెందిన జేమ్స్ మిచెల్ వార్నమ్.

1786లో అక్కడి న్యూపోర్టులో జాన్ వీడెన్ అనే మాంసం వ్యాపారి, విలువ పడిపోయిన ప్రభుత్వ నోట్లు తీసుకోనన్నాడు. తీసుకోనివాళ్లను జ్యూరీ లేకుండా విచారించాలని, అప్పీలు కూడా ఉండకూడదని చట్టం. జ్యూరీ హక్కును తీసేసే అధికారం శాసనసభకే లేదని వీడెన్ తరఫున వార్నమ్ వాదించారు. ఆ ఫిర్యాదు తమ విచారణ పరిధిలోకి రాదని కోర్టు తేల్చింది. శాసనసభ ఊరుకోలేదు. జడ్జీలను పిలిపించి సంజాయిషీ అడిగింది. అక్కడ జడ్జీలను ఏటా ఎన్నుకునేది ఆ సభే. మరుసటి ఏడు వారిలో చాలామందికి పదవి దక్కలేదు.

అదే ఏడు, 1787 జూలై 13న, ఒహాయో నదికి వాయవ్యాన ఉన్న ప్రాంతం కోసం కాంగ్రెసు ఒక ఆర్డినెన్సు చేసింది. జ్యూరీ హక్కును అందులో రాసిపెట్టింది. సత్ప్రవర్తనతో ఉన్నంతకాలం జడ్జీని కదిలించరాదంది. వార్నమ్ అక్కడి జడ్జి పదవికి సరేననడంలో ఈ రెండు మాటల బలం ఉందని నా నమ్మకం.

అప్పటికే ఆయనకు క్షయ. భార్య మార్తా రోడ్ ఐలండ్‌లోనే ఉండిపోయారు. 1788 జూన్‌లో ఆయన ఒహాయో గట్టునున్న మారియెట్టా చేరారు. సెప్టెంబరు 2న ఆ ఊళ్లో తొలి కౌంటీ కోర్టు తెరిచిన రోజు, షెరీఫ్ ఎబినీజర్ స్ప్రోట్ దూసిన కత్తి పట్టుకుని ముందు నడిచారు. వెనక జడ్జీలు, జనం, అడవి కొట్టి తీసిన బాట. 1789 జనవరిలో వార్నమ్ కన్నుమూశారు, నలభయ్యేళ్లకే. తోటి జడ్జి శామ్యూల్ పార్సన్స్ అదే ఏడు నవంబరులో బీవర్ నదిలో పడవ బోల్తాపడి పోయారు. ఆ ఏడాది చట్టం వాళ్ల పదవికి కట్టిన జీతం ఏటా 800 డాలర్లు.

ఇంత త్యాగం ఉన్నా, ఆ నియామకంలో ఒక పురుగుంది. జడ్జికి ఆ ప్రాంతంలో 500 ఎకరాల సొంత భూమి ఉండాలని ఆర్డినెన్సే షరతు పెట్టింది. వార్నమ్, పార్సన్స్ ఇద్దరూ ఆ ప్రాంతంలో నేల కొన్న ఒహాయో కంపెనీ డైరెక్టర్లు కూడా. డెలావేర్, షానీ, మయామీ జాతులు తమదంటున్న నేల అది. ఆ తగవు కోర్టుకెక్కితే, ఎదుటి కుర్చీలో ఉండేది భూమి కొన్నవారే. జ్యూరీ కోసం అంత గట్టిగా నిలబడిన మనిషి ఈ షరతుకు తల ఊపారన్నది నాకు బాధ కలిగిస్తుంది.

మూడో జడ్జి పదవికి ముందు ఎంపికైన జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ వద్దనడంతో జాన్ క్లీవ్స్ సిమ్స్ వచ్చారు. రెండు మయామీ నదుల నడుమ నేలను బేరమాడి, తనకు పట్టా వచ్చిన హద్దులు దాటి కూడా అమ్మేశారు. జడ్జిగారి దగ్గర అలా కొని మోసపోయినవాళ్లను ఆదుకోవడానికి 1799లో కాంగ్రెసు ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. అప్పటికీ సిమ్స్ జడ్జి కుర్చీలోనే ఉన్నారు.