గుర్తున్ననాడే జాగ్రత్త
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను, రిటైరైన గుమాస్తాను. అయినా కంప్యూటరు పాస్‌వర్డు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. మా ఇంట్లో జరిగిన సంగతి వారికి తెలుసు.

మా పెద్దభాయి మూడు నెలలు మంచాన పడి లేచారు. కంప్యూటరు ముందు కూర్చుంటే పాస్‌వర్డు గుర్తు రాలేదు. ఇంటి లెక్కలు, కూతురి నిఖా ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. "బీరువా తాళంచెవి పోతే తాళాలతన్ని పిలుస్తాం. దీనికి ఎవర్ని పిలవాలి భాయ్?" అని భాభీ నన్నడిగింది. బజారులో ఒకరికి చూపించాం. అంతా తుడిచి కొత్తగా విండోస్ వేశారు. కంప్యూటరు తెరుచుకుంది, ఫొటోలు పోయాయి. డిస్కుకు గూఢలిపి రక్షణ లేకపోతే ముందుగా ఫైళ్లు బయటికి తీసుకోవచ్చునని తరువాత తెలిసింది. ఏం లాభం?

కనుక మీ ఇంటి కంప్యూటరుకు ఉన్నది ఏ తాళమో ముందు చూసుకోండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిస్తే "లోకల్ అకౌంట్" అనో, మీ ఈమెయిలు అడ్రసో కనిపిస్తుంది.

లోకల్ అకౌంటైతే ఒక పెన్‌డ్రైవ్ మీద పాస్‌వర్డ్ రీసెట్ డిస్క్ చేసుకోవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ అకౌంట్స్‌లో ఆ ఏర్పాటుంది. ఒక్కసారి చేస్తే చాలు, తరువాత పాస్‌వర్డు ఎన్నిసార్లు మార్చినా పనిచేస్తుంది. అయితే అది ఎవరి చేతికి చిక్కితే వారికీ తలుపు తీస్తుంది. దాన్ని కంప్యూటరు పక్కన కాదు, బీరువాలో పెట్టండి.

ఈమెయిలుతో తెరిచే మైక్రోసాఫ్ట్ అకౌంటైతే ఆ డిస్కు పనికిరాదు. ఫోన్లోనుంచైనా పాస్‌వర్డు మార్చుకోవచ్చు. కాని మీరు ముందు ఇచ్చిన నంబరుకో, వేరే ఈమెయిలుకో కోడు వస్తుంది. ఆ సిమ్ము ఎప్పుడో వదిలేసి ఉంటే కోడు మీకెలా అందుతుంది? నంబరు ఈరోజే సరిచూసుకోండి.

ఇంకొక సంగతి. కొత్త కంప్యూటర్లు చాలావాటిలో బిట్‌లాకర్ లాంటి గూఢలిపి రక్షణ ఉంటోంది. దానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. కంప్యూటరు దాన్ని అడిగిననాడు మన దగ్గర లేకపోతే, పోయిన కీని మైక్రోసాఫ్ట్ వారు కూడా తెచ్చి ఇవ్వలేరు. కాగితం మీద ముద్రించి దాచండి.

ఈ కాగితాలన్నీ ఒక కవరులో పెట్టి అతికించి, ఇంటి దస్తావేజులతో పాటు ఉంచండి. ఎక్కడుందో నమ్మకమైన మరొకరికి చెప్పండి. మన సంఘం కంప్యూటరు విషయంలోనూ ఒక్కరి జ్ఞాపకం మీద ఆధారపడవద్దని మనవి. ముఖ్యమైన ఫైళ్లకు వేరే డిస్కులో ఒక నకలు తప్పనిసరి. అన్ని ఉపాయాలూ విఫలమైనా అది మిగులుతుంది.

మరచిపోయిన తరువాత చేయగలిగింది కొంచెమే. ఈ ఏర్పాట్లన్నీ పాస్‌వర్డు గుర్తున్ననాడు, తీరికగా, ఒక గంటలో అయ్యే పనులు. మా భాభీ ఇప్పటికీ ఆ నిఖా ఫొటోల కోసం చుట్టాల ఫోన్లు వెతికిస్తూనే ఉంది. మీ ఇళ్లలో ఆ వెతుకులాట రాకూడదనే నా ఆశ.