తూలినోడల్లా తాగినోడు కాదు
(పేటలో జరిగిన ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పేట తమ్ముడొకడు పనిలో తూలి పడ్డాడు. 'పొద్దున్నే తాగొచ్చావా' అని మేస్త్రీ గెంటేశాడు. ఆ తమ్ముడు సారా ముట్టడు. ఫిట్స్‌కి రోజుకు 300 మిల్లీగ్రాముల ఫెనిటాయిన్ మింగుతాడు. అంతకు నెల ముందు టీబీ మందులు కూడా మొదలుపెట్టారు. మేం రక్తపరీక్ష చేయించాం. మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములుండాల్సిన ఫెనిటాయిన్ 32 ఉంది. అతన్ని తూలించింది సారా కాదు, మందే!

ఎట్లా జరిగిందిది? ఫెనిటాయిన్‌ని అరగదీసేది లివరు. ఆ పనికి ఒక హద్దుంది. హద్దు దగ్గరికొచ్చాక సగం మాత్ర పెంచినా రక్తంలో మందు ఒక్కసారిగా ఎగబాకుతుంది. నిండిన కుండలో గ్లాసెడు నీళ్లు పోసినట్టన్నమాట. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్ లివరు చేసే ఈ పనికి అడ్డం పడుతుంది. ఫెనిటాయిన్ పేరుకుంటుంది. రిఫాంపిసిన్ దానికి తిరకాసు, ఫెనిటాయిన్‌ని తొందరగా కరిగించేస్తుంది. రెండూ మింగే మనిషిలో ఏది పైచేయి అవుతుందో ముందే చెప్పలేం. రక్తం చూడాల్సిందే. టీబీ మందులు ఆపాక కూడా మళ్లీ చూడాల్సిందే.

ఇంకో మెలిక ఉంది. రక్తంలోని ఫెనిటాయిన్‌లో నూటికి 90 వంతులు ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ని అంటిపెట్టుకొని ఉంటాయి. విడిగా తిరిగే 10 వంతులే మెదడులో పనిచేసేవి. రోగంతో, తిండి చాలక చిక్కిన ఒంట్లో ఆల్బుమిన్ తగ్గుతుంది, విడి మందు వాటా పెరుగుతుంది. మామూలు పరీక్ష చూపేది మొత్తం అంకెనే. ఆ కాగితం మీద 8 చూసి 'చాల్లేదు' అని మోతాదు పెంచితే ఏమవుతుంది? బువ్వ చాలని ఒంటిని బువ్వ నిండిన ఒంటి లెక్కతో కొలిచినట్టవుతుంది. ఫిట్స్ ఆగి, మనిషి బాగుంటే అంకె తక్కువుందని మందు పెంచక్కర్లేదు.

అందరికీ ఒకే మోతాదు కుదరదు. పసిపిల్లలకు బరువు లెక్కన ఎక్కువ కావాలి, ముసలివాళ్లకు తక్కువ చాలు. గర్భిణికి నెలలు పెరిగేకొద్దీ రక్తంలో అంకె పడిపోతుంది.

కాబట్టి డాక్టరు ముందు నోరు విప్పుదాం. మింగే ప్రతి మందూ చెబుదాం. కళ్లు అదురుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, నడక తూలుతున్నా దాచొద్దు. మోతాదు మార్చిన రెండు వారాలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం ఇద్దాం. 'నా ఆల్బుమిన్ చూశారా?' అని అడుగుదాం. అడిగితే తప్పేం లేదు. ఒక్కటి మరవొద్దు. మనంతట మనం మందు ఆపకూడదు. ఒక్కసారిగా మానేస్తే తెరిపి లేకుండా ఫిట్స్ వచ్చి ప్రాణమే పోవచ్చు.

డాక్టరు మోతాదు తగ్గించాక తమ్ముడి నడక కుదురుకుంది. పోయిన పని మాత్రం తిరిగి రాలేదు. రేపు ఇంకొకడు తూలితే 'తాగాడు' అనే ముందు 'ఏం మందు మింగుతున్నావు తమ్ముడూ' అని అడుగుదాం.