పాట ఒకటే – ప్లేట్లు రెండు



మీ ఇంట్లో పాత గ్రామఫోను ప్లేట్లున్నాయా? కొత్తది దొరికింది గదా అని పాతదాన్ని తూకానికి వేసేముందు ఈ నాలుగు మాటలూ వినండి.

పాట ఒకటే, పాడినవారొకరే, అట్టమీద బొమ్మ కూడా ఒకటే. అయినా రెండు ప్లేట్లు ఒక్కలాగే పలకాలని లేదు. మా కూచిపూడిలో ఒక పెద్దావిడ ఘంటసాల గారి భగవద్గీత ఎల్.పి. ఏళ్ళ తరబడి విన్నారు. అది గీతలు పడిందని కొడుకు మరొకటి సంపాదించి తెచ్చాడు. రెండు శ్లోకాలు వినగానే ఆవిడ, "గొంతు ఆయనదే గాని, పక్కగదిలోంచి పాడుతున్నట్టుందిరా" అన్నారు. ఇంటిల్లిపాదీ నవ్వారు. పెద్దతనం వచ్చి చెవి మందగించిందన్నారు. ఆ మాట ఆవిడకెంత కష్టంగా ఉంటుందో ఆలోచించండి! మన కృష్ణాజిల్లా చౌటపల్లిలో పుట్టిన ఆ మహానుభావుడు చివరి రోజుల్లో గీత పాడి, 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆ గొంతు ఆవిడకి ఇంట్లో మనిషి గొంతు.

తరవాత ఒకే ముల్లుతో రెండు ప్లేట్లూ వరసగా పెట్టి చూస్తే, నవ్వినవాళ్ళే ఆవిడ మాట ఒప్పుకున్నారు.

ఎందుకిలా అంటారా? టేపుమీద పట్టిన పాటని ముందు మెత్తని పూత పూసిన పళ్ళెంమీద సన్నని గాడిగా చెక్కుతారు. దాన్నుంచి నికెల్ లోహంతో అచ్చులు తీస్తారు. ఆ అచ్చుల మధ్య వేడి వినైల్ ముద్దని నొక్కితే ప్లేటు తయారు. మన కోవా బిళ్ళల అచ్చు లాంటిదేననుకోండి. వాడగా వాడగా అచ్చులో పువ్వు రేకులు మొద్దుబారవూ? ఇదీ అంతే. ఒకే అచ్చుతో మరీ ఎక్కువ ప్లేట్లు తీస్తే సన్నని ధ్వనులు మసకబారతాయి. నట్టువాంగంలో తాళాల ఖంగుమనే మోత, 'స', 'శ' అక్షరాల పదును ముందు దెబ్బతింటాయి. నాట్యం నేర్పే ఇళ్ళలో పెరిగిన చెవులకిది ఇట్టే తెలుస్తుంది.

అచ్చు కొత్తదైనా, మళ్ళీ చెక్కేటప్పుడు అసలు టేపు బదులు నకలు వాడితే తేడా వస్తుంది. చెక్కే నిపుణుడు మారినా వస్తుంది. వాడేసిన వినైల్ని మళ్ళీ కరిగించి కలిపితే చిటపటలు ఎక్కువవచ్చు. నడిమి బెజ్జం ఒక పిసరు పక్కకి జరిగితే శ్రుతి ఊగుతుంది. వీణ, వేణువు సాగదీసిన స్వరంలో ఆ ఊగు బాగా వినిపిస్తుంది. ఇక బరువు సంగతి. 180 గ్రాముల ప్లేటని ఎక్కువ ధర చెబుతారు. బరువొక్కటే మంచి ధ్వనినివ్వదు.

మరి పోల్చడమెలా? ముందు రెండు ప్లేట్లూ శుభ్రం చెయ్యండి. దుమ్ము తప్పుని అచ్చుమీద వెయ్యకూడదు. ముల్లు అరిగిందేమో చూసుకోండి. రెండింట్లోనూ అదే పాట, అదే చోటు వినండి. ప్లేటు అంచుకంటే లేబుల్ దగ్గర ముల్లు కింద గాడి సగానికన్నా తక్కువ వేగంతో నడుస్తుంది. అందుకే చివరి పాటలో స్పష్టత తగ్గుతుంది. ఇంకో కిటుకు: రెండింటి చప్పుడూ సమానంగా పెట్టండి. కాస్త గట్టిగా వినిపించిందే మంచిదనిపించడం చెవి స్వభావం. లేబుల్ పక్కన ఖాళీ జాగాలో చెక్కిన అంకెలూ, అక్షరాలూ ఉంటాయి. అవి రెండింటిమీదా వేరైతే, చెక్కడంలోనో అచ్చులోనో తేడా ఉందని గుర్తు.

పాతదే మంచిదనడం లేదు, కొత్తదే మంచిదనీ అనను. చెవి చెప్పేదాకా ఏదీ పారెయ్యకండి. ఉంచుకున్నవాటిని పొయ్యికీ ఎండకీ దూరంగా, నిలువుగా నిలబెట్టండి. మన డెల్టా చెమ్మకి అట్టలు బూజు పట్టకుండా అప్పుడప్పుడు గాలి తగలనివ్వండి. ఇక అమ్మాలా, ఉంచాలా అన్నప్పుడు, ఆ పాటని అందరికన్నా ఎక్కువసార్లు విన్న మనిషినే అడగండి. సెలవు.