వేణువుకు కావలసిన గాలి

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల ఉదయం సభలో చేసిన ప్రసంగపాఠం)

 

ఈ సాయంకాలం ఈ ఆవరణలో కచేరి చేయనున్న వేణుగాన విద్వాంసుడు ఈ పాఠశాలలోనే అక్షరాలు దిద్దుకున్నవారు. బరంపురంలో తెలుగువారింట పుట్టి, మూడు దశాబ్దాలుగా వేణువు చేతబట్టుకొని దేశమంతటా తిరుగుతున్నవారు. ఆయన పాండిత్యాన్ని గురించి సాయంకాలం వేణువే చెప్పగలదు. ఉదయం సభకు తగిన విషయం ఆయన ఊపిరి.

కచేరికి అంగీకరిస్తూ ఉత్సవ సంఘానికి ఆయన వ్రాసిన ఉత్తరంలో పారితోషికం ప్రసక్తి లేదు. రెండు కోరికలు మాత్రం ఉన్నవి. బాణసంచా కాల్చరాదు, ఆవరణలో ఆకులు, చెత్త తగులబెట్టరాదు. సంఘంలో కొందరికి ఇది విద్వాంసుల చాదస్తంగా తోచింది. డెబ్బదియైదేండ్ల పండుగ బాణసంచా లేకుండా ఎట్లాగని అడిగినవారూ ఉన్నారు. ఉత్తరంలోని తక్కిన భాగం చదివి వినిపించిన పిమ్మట ఆ ప్రశ్న మరల వినబడలేదు.

మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుండి 20 మార్లు శ్వాసిస్తాడు. ప్రతిమారూ సుమారు అర లీటరు గాలి లోనికి పోతుంది. దినమంతటికీ లెక్కిస్తే అది సుమారు పదివేల లీటర్లవుతుంది. ఆ గాలి ముక్కు ద్వారా పోయినప్పుడు అక్కడి రోమాలు, శ్లేష్మం ముతక ధూళిని ఆపుతవి. చల్లని గాలి వెచ్చబడుతుంది, పొడిగాలి తడిసి మెత్తబడుతుంది. ఇది ప్రకృతి పెట్టిన కావలి. వేణువు వాయించేవారికి ఈ కావలి అక్కరకు రాదు. రెండు స్వరసంచారాల నడుమ కనురెప్పపాటు వ్యవధిలో ఉదరవితానం దిగువకు జారునట్లుగా, నోటితోనే నిండుగా గాలి పీల్చుకోవాలి. పీల్చినదానిలోనూ కొంత ముఖరంధ్రం అంచున చిమ్మి వెలుపలికే పోతుంది. నాదస్వరం సంగతి వేరు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1999లో పరమపదించిన షేక్ చినమౌలానాగారి వంటి విద్వాంసులు ఎదుర్కొన్నది పీక ఇచ్చే బిగువు. దానికి బలమైన ఒత్తిడి కావాలి. వేణువుకు అడ్డు తక్కువ, అందుచేత గాలి ఖర్చు ఎక్కువ. రెండు వాయిద్యాలకూ పెట్టుబడి మాత్రం ఒకటే.

ఈ పెట్టుబడి ఒకనాడు చేయిచ్చింది. కొన్నేండ్ల క్రిందట నవంబరు నెలలో ఆయన ఢిల్లీ, ఆ చుట్టుపట్ల ఊళ్లలో ఐదు కచేరీలకు ఒప్పుకున్నారు. మూడవ కచేరిలో రాగాలాపన సాగుతుండగా, ఇరవయ్యేండ్లుగా ఒక్క ఊపిరిలో వాయిస్తూ వచ్చిన సంచారం సగంలో తెగిపోయింది. వయొలిన్ విద్వాంసుడు తడుముకోకుండా ఆ స్వరాన్ని అందుకొని పూర్తి చేశారు. సభవారు అది ముందుగా అనుకొన్న విరామమనే భావించి కరతాళధ్వనులు చేశారు. ఆ చప్పట్లు తనకు చెంపపెట్టులా తగిలినవని ఆయన వ్రాశారు. ఆ రాత్రి పడుకోలేక, బసలో గోడకు చేరగిలబడి తెల్లవార్లూ కూర్చున్నారు. తక్కిన రెండు కచేరీలు రద్దయినవి. ప్రక్కవాయిద్యాల వారికి రావలసిన సొమ్మును ఆయనే చెల్లించుకున్నారు.

ఊరికి తిరిగివచ్చిన తరువాత వైద్యుడు స్పైరోమీటరులో ఊదించి, ఉబ్బసమని నిర్ణయించి, ఇన్‌హేలర్ వ్రాసి ఇచ్చారు. ఆయన దానిని దాదాపు ఒక సంవత్సరం వేణువుల సంచిలో అడుగున దాచి ఉంచారు. ఊపిరి అమ్ముకొని బ్రతికేవాడు ఊపిరికి మందు పీలుస్తున్నాడని తెలిస్తే సభల కార్యదర్శులు పిలుస్తారా అన్నది ఒక భయం. అలవాటైతే మానలేమన్నది రెండవది. ఈ రెండవ భయం ఎన్నో ఇళ్లలో ఉన్నది గనుక తల్లిదండ్రులు గమనించాలి: అది మత్తుమందు కాదు. శ్వాసనాళాల వాపును అణచుటకు ప్రతిదినం తీసుకొనే మందు ఒకటి, ఆయాసం వచ్చినప్పుడు నాళాలు తెరుచుకొనుటకు తీసుకొనేది మరొకటి. మొదటిదానిని వైద్యుని సలహా లేకుండా మానరాదు. పీల్చిన పిమ్మట నోరు పుక్కిలించాలి. బడిసంచిలో ఇన్‌హేలర్ ఉన్న పిల్లను తోటివారు వెక్కిరించుట ఎంత తెలివిమాలిన పనియో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆయన మనస్సును అన్నిటికంటె కలచినది ప్రాణాయామం విషయం. చిన్ననాటినుండి వేకువనే అభ్యాసం. అదే తనకు కవచమని నమ్మకం. ఢిల్లీలోనూ మేడమీద నిలిచి, మంచు అనుకొని, ఆ పొగనే నిండుగా పీల్చారు. శీతకాలంలో నేలనంటిన చల్లని గాలి పైనున్న వెచ్చని గాలిపొర క్రింద చిక్కుకొని ఉంటుంది. వాహనాల పొగ, కట్టడాల దుమ్ము, పంజాబు, హర్యానా పొలాలలో కాల్చిన వరిదుబ్బుల పొగ పైకి పోలేక అక్కడనే నిలుస్తవి. ఎండ కాసి గాలి కదిలేవరకు, అనగా సరిగా సాధన చేసే వేళకే, అవి దట్టంగా ఉంటవి. 2016, 2019 నవంబరు మాసాలలో అక్కడ పాఠశాలలనే మూసివేశారు. ఊపిరితిత్తులను పెంచుకొన్నవాడు ఎక్కువ గాలిని పీలుస్తాడు, గాలితోబాటు ఎక్కువ మసినీ పీలుస్తాడు. సాధన తప్పు కాదు, స్థలమూ వేళా తప్పినవి. ఇప్పుడు ఆయన శీతకాలపు పర్యటనలలో తలుపులు మూసిన గదిలోనే సాధన చేస్తున్నారు.

ఈ మసిలో అపాయకరమైనది కంటికి కనబడనిది. రెండున్నర మైక్రానులకు లోబడిన కణాలు, అంటే తలవెంట్రుక మందంలో ఇరవయ్యవ వంతు అనుకోవచ్చును, వాయుగోణుల వరకు దిగుతవి. కొన్ని రక్తంలోనికీ చేరుతవి. ఘనపు మీటరు గాలిలో ఇవి సంవత్సరపు సగటున 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మన దేశం 2009లో నిర్ణయించుకున్న హద్దు 40. ఆ హద్దును కూడా దాటే ఊళ్లు అనేకం. ఎన్-95 మాస్కు ముఖానికి సరిగా అతికితే ఇటువంటి కణాలను చాలవరకు ఆపగలదు. మాస్కు ధరించి వేణువు వాయించే ఉపాయమేదో ఎవరైనా కనిపెడితే తనకు తెలియజేయమని విద్వాంసులవారు చమత్కరించారు.

ఢిల్లీ దూరం గదా అనుకోవడానికి ఆయన ఉత్తరం అవకాశమివ్వలేదు. తాను ఐదవ తరగతి చదివేనాడు, బడి వెనుక చెట్ల ఆకులన్నీ ఊడ్చి కుప్పవేసి, శనివారం ఇంటికి పోయే ముందు అగ్గిపుల్ల గీసే అధికారం తరగతి నాయకునిది. ఆ అధికారం రెండేండ్లు తనకే దక్కింది. ఆ పొగ వాసన తగిలితే నేటికీ బడి జ్ఞాపకం వస్తుందట. ప్రక్క వరుసలో కూర్చునే స్నేహితుడొకడు ఆ రోజులలో దగ్గుతూ గుమ్మం వెలుపల నిలిచేవాడనీ, అందరూ అతనిని పిరికివాడని నవ్వేవారనీ, ఆ నవ్వులో తన గొంతే గట్టిగా వినబడేదనీ వ్రాశారు. ఆ స్నేహితుడు ఈ ఉత్సవాలకు వచ్చియున్నారు. ముందు వరుసలోనే ఆసీనులైనారు.

ఆకుల కుప్ప ఈ సంవత్సరం కాలలేదు. ఏడవ, ఎనిమిదవ తరగతుల పిల్లలు వెనుక గోడ ప్రక్కన గొయ్యి తవ్వి, ఆకులు వేసి, పేడనీళ్లు చల్లి మట్టి కప్పారు. వర్షాకాలం నాటికి అది పూలమొక్కలకు ఎరువు కావాలి. కాకుంటే సైన్సు ఉపాధ్యాయులను నిలదీసే హక్కు పిల్లలకున్నది. బాణసంచాకు కేటాయించిన సొమ్ముతో శ్రుతిపెట్టె కొన్నారు.

కచేరి ఆరు గంటలకు ప్రారంభమవుతుంది. వేదిక దగ్గర అగరువత్తులు గాని సాంబ్రాణి గాని వెలిగించవద్దని, ద్విచక్ర వాహనాలను గేటు వెలుపలనే నిలపవలసిందని మనవి.