నిద్ర లేవని తెర



గ్రంథాలయమనగా పుస్తకముల బీరువాలు మాత్రమే యను కాలము గడచినది. పుస్తకముల సరసన కంప్యూటరు కూడ చేరినది. అయితే పల్లె గ్రంథాలయమునకు చేరు కంప్యూటరు తరచు క్రొత్తది కాదు. పట్నమున ఎవరో వాడి విడిచినదో, దాత యొకరు పంపినదో అయి యుండును. ఉదయమే దాని యెదుట ఒక విద్యార్థి పరీక్షా ఫలితము కొరకును, ఒక రైతు అడంగలు నకలు కొరకును వచ్చి కూర్చుందురు. గ్రంథపాలకుడు మౌసు కదుపును. పెట్టెలో పంకా తిరుగుచునే యుండును. తెర మాత్రము నల్లగా నిలిచిపోవును. "మానిటరు పోయిందండీ" అని ఎవరో అందురు. ఆ మాటయే తీర్పగును. రైతు మరునాడు వత్తునని లేచిపోవును. గ్రంథాలయము మీద క్రొత్త మానిటరు ఖర్చు పడును. పాత మానిటరుకు ఏ దోషమును లేదని తెలియుట తరువాతి మాట.

పొలమునకు నీరు రాకున్న ఉయ్యూరు రైతు పొలమును తప్పుపట్టడు. బోదె వెంట నడచి, తూము దాటి, కాలువ వరకు పోయి చూచును. తెర విషయమునను అట్లే నడువవలెను. కంప్యూటరు కాలువ, కేబులు బోదె, తెర పొలము.

తెర నిద్రించుటకు ఒక ఏర్పాటు గలదు. కంప్యూటరు బొమ్మతో పాటు రెండు గుర్తులను తెరకు పంపుచుండును: ఒకటి ప్రతి వరుస మొదలునకు, రెండవది ప్రతి బొమ్మ మొదలునకు. ఈ రెండును ఆగిపోయిన తెర నిద్రింపవలెనని, తెరలకు ప్రమాణములు నిర్ణయించు వెసా సంస్థ 1993లో కట్టుబాటు చేసినది. ఆ కాలమున గాజు గొట్టపు పెద్ద తెరలే యుండెను; విద్యుత్తు ఆదా చేయుటయే దాని ఉద్దేశము. మరుసటి యేడు, అనగా 1994లో, తెర తన పేరును సామర్థ్యమును కంప్యూటరునకు చెప్పుకొనుటకు మరియొక పద్ధతి వచ్చినది. నిద్ర లేచు క్షణమున ఈ పలుకరింపు తప్పిపోవుటయే చాల సందర్భములలో చిక్కు. ఎదుట తెరయే లేదనుకొని కంప్యూటరు బొమ్మ పంపదు. బొమ్మ రాలేదని తెర నిద్ర మానదు. ఇద్దరును ఆరోగ్యముగనే యుందురు!

కావున మొదట చూడవలసినది తెర అంచున నున్న చిన్న దీపము. అది వెలుగనే లేదన్న, దోషము ప్లగ్గులోనో, విద్యుత్తు తీగలోనో, తెర లోపలి విద్యుత్తు భాగములోనో యున్నది. నారింజ రంగుననో, మినుకు మినుకుమనుచునో యున్న, తెర బ్రతికియే యున్నది. దానికి బొమ్మ అందుటలేదు. నీలముగనో ఆకుపచ్చగనో నిలకడగా వెలుగుచుండియు తెర నల్లగా నున్నచో, గదిలో వెలుతురు తగ్గించి టార్చిలైటును ఏటవాలుగా వేసి చూడవలెను. అక్షరములు మసకగా కనబడిన, తెర వెనుక దీపము పోయినదని అర్థము.

తరువాత కంప్యూటరు మేలుకొన్నదా లేదా తేల్చవలెను. దీనికి ఖర్చు లేని పరీక్ష యున్నది. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ మీటను నొక్కవలెను. దాని దీపము వెలిగి ఆరుచున్నచో కంప్యూటరు మేలుకొనియే యున్నది. అట్టి సమయమున తొందరపడి స్విచ్చి ఆపరాదు. నిన్నటి పుస్తకముల జారీ పట్టిక అందు తెరచియే యుండవచ్చును. కంట్రోలు మీటతో 'ఎస్' నొక్కిన, ముందే పేరు పెట్టిన పత్రము తెర కనబడకున్నను భద్రమగును.

పిమ్మట తెర ప్లగ్గును గోడ నుండి ఊడదీసి ఒక నిమిషము ఆగి మరల పెట్టవలెను. తెర మీది మీట నొక్కుట చాలదు. లోపలి చిన్న బుర్ర పూర్తిగా ఆరవలెను. విండోస్ 10 గల యంత్రమున విండోస్, కంట్రోలు, షిఫ్టు, 'బి' మీటలు నాలుగును కలిపి నొక్కిన, బొమ్మను నడుపు భాగము మాత్రము తిరిగి మొదలగును. ల్యాప్‌టాప్‌నకు తగిలించిన తెర అయినచో విండోస్ మీటతో 'పి' నొక్కి, బొమ్మ ఏ తెరకు పోవలెనో మరల ఎన్నుకొనవలెను.

ఇక కేబులు. పాత యంత్రములకు 1987లో వచ్చిన విజిఎ కేబులే యుండును. మూడు వరుసలలో 15 సూదులు. రెండు యంత్రములను ఆపి దానిని ఊడదీసి, సూది యేదైన వంగినదా యని చూడవలెను. బందరు, దివిసీమ వైపు ఉప్పుగాలికి ఈ సూదులు చిలుము పట్టును. ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన మెత్తని గుడ్డతో తుడిచిన చాలును, కిరోసిను పనికిరాదు. పాత పెట్టెకు క్రొత్త హెచ్‌డిఎమ్‌ఐ తెరను కలుపుటకు నడుమ పెట్టు మార్పిడి బిళ్ళ యొకటి గలదు. అది యుఎస్‌బి నుండి విద్యుత్తు తీసికొనునదైనచో, కంప్యూటరు నిద్రించినప్పుడు దానికి ఆహారము ఆగిపోవచ్చును. లేచిన తరువాత పలుకరింపు కుదరదు. దానికి వేరుగా విద్యుత్తు ఇచ్చి చూడవలెను.

క్యాప్స్ లాక్ దీపము కదలకున్న సంగతి వేరు. పెట్టెయే మేలుకొనలేదు. (సి.పి.యు. అను పేరు నిజమునకు లోపలి చిన్న బిళ్ళది; అయినను పెట్టెకంతటికి ఆ పేరే నిలిచినది, వాడుకతో వాదమేమి!) పవరు మీటను ఒకసారి తేలికగా నొక్కి చూచి, ఫలితము లేనప్పుడే పది సెకండ్లు నొక్కిపట్టి ఆపవలెను. భద్రము చేయని పని అప్పుడు పోవును. ఇది తరచు జరుగుచున్న, కంప్యూటరును నిద్రింపనీయక తెర మాత్రమే ఆరునట్లు అమర్చి, సాయంకాలము యంత్రమును పూర్తిగా ఆపుట మేలు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రములకు సరిపడు క్రొత్త డ్రైవరు వచ్చునని ఎదురుచూచుటలో ఫలము లేదు.

ఒక లక్షణమును మాత్రము ఉపేక్షింపరాదు. తెర తొలుత ఒక నిమిషమునకు, కొన్నాళ్ళకు ఐదు నిమిషములకు, పిదప అరగంటకు వెలుగుచున్నచో, అది నిద్ర దోషము కాదు. లోపలి కెపాసిటర్లు ముసలివైనవి. కొన్నిటి తలలు ఉబ్బి కనబడును. అవి స్వల్ప మూల్యమునకే దొరకును. మెకానిక్కు మార్చిన తెర మరల కొన్నేండ్లు పనిచేయవచ్చును. కాని తెర వెనుక మూతను తామే విప్పరాదు. గాజు గొట్టపు తెరలో ప్లగ్గు తీసిన తరువాతను ప్రాణాపాయకరమగు విద్యుత్తు నిలిచి యుండును.

కంప్యూటరు ప్రక్కన ఒక చిన్న నోటుపుస్తకము నుంచవలెను. తెర లేవని ప్రతి పర్యాయము తేదీ, దీపపు రంగు, క్యాప్స్ లాక్ పలికినదా లేదా, ఏమి చేయగా లేచినది అను నాలుగు మాటలు అందు వ్రాయవలెను. మెకానిక్కు వచ్చిన నాడు మొదట ఆ పుటలనే ఆయన చేతికీయవలెను.