బాలింత రక్తస్రావము – శస్త్రచికిత్స
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



బిడ్డ పుట్టినదని ఇంటిల్లిపాదియు సంతోషించు ఘడియయే తల్లికి మిక్కిలి గండము గల ఘడియ. నిండు నెలలలో గర్భాశయమునకు నిమిషమునకు అరలీటరు వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, రక్తము ప్రవహించును. మావి పడిన పిదప గర్భాశయ కండరములు గట్టిగా ముడుచుకొని రక్తనాళములను నొక్కివేయవలెను. అవి ముడుచుకొననిచో, మావి ముక్క లోపల నిలిచినచో, చీలిక ఏర్పడినచో, రక్తము గడ్డకట్టనిచో స్రావము ఆగదు. "చెడ్డ రక్తము, పోనిండు" అనుట ప్రాణముమీదికి తెచ్చు భ్రమ.

వైద్యులు మొదట గర్భాశయమును మర్దించి, ఆక్సిటోసిన్ ఇత్తురు. ట్రానెక్సామిక్ ఆమ్లమును కాన్పైన 3 గంటలలోపల ఇచ్చినచో రక్తస్రావ మరణములు తగ్గునని 21 దేశములలో సుమారు 20,000 మంది స్త్రీలపై జరిగిన పరిశోధన 2017లో తేల్చినది. అప్పటికిని ఆగనిచో లోపల బెలూను నింపి ఒత్తిడి కల్పింతురు. ఖరీదైన బెలూను లేనిచోట రబ్బరు గొట్టమునకు కండోమ్ కట్టి, సెలైనుతో నింపు ఉపాయమును బంగ్లాదేశ్ వైద్యురాలు సయేబా అఖ్తర్ 2003లో ప్రకటించిరి.

ఇవియు ఫలింపనిచో శస్త్రచికిత్స తప్పదు. ఇంగ్లండులో పనిచేసిన క్రిస్టఫర్ బి-లించ్ 1997లో ప్రకటించిన కుట్టు గర్భాశయమును మూటవలె బిగించి కట్టును. గర్భాశయ ధమనులను ముడివేయుట మరియొక మార్గము. కడపటిది గర్భాశయమునే తొలగించుట. ఇందుకు సంతకము చేయుటకు బంధువులు తటపటాయించుట కలదు. సంచి పోయినను తల్లి దక్కును. ఆలస్యమైనచో రెండును దక్కవు.

ఉద్దానమున ఈ మాట మరింత గట్టిగా చెప్పవలసియున్నది. మూత్రపిండ వ్యాధి రక్తహీనతను కలిగించును. రక్తహీన స్త్రీ కొద్ది నష్టమునకే కుప్పకూలును. పైగా తీవ్ర రక్తస్రావము మూత్రపిండములనే చెడగొట్టగలదు. పలాస నుండి శ్రీకాకుళము 70 కిలోమీటర్లకు పైబడిన దూరము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి చెట్లను నేలకూల్చి దారులు మూసివేసిన సంగతి ఈ తీరమువారు మరువలేదు. కావున రక్తహీనతకు నెలలు నిండకముందే చికిత్స పొందవలెను. తుపాను సూచన ఉన్నప్పుడు, నొప్పులు రాకముందే గర్భిణిని టెక్కలికో శ్రీకాకుళమునకో చేర్చవలెను. ఇంటిలో కాన్పై రక్తము ధారగా పోవుచున్నచో క్షణమాగక 108కు ఫోను చేయవలెను.

శస్త్రవైద్యుని నేర్పునకు తోడు కావలసినది రక్తము. ఊరిలో ఇష్టపడి ముందుకు వచ్చువారి పేర్లు, రక్తవర్గములు వ్రాసిన పుస్తకమొకటి గ్రంథాలయపు బీరువాలో నుంచినచో, అర్ధరాత్రి కబురు వచ్చినపుడు ఎవరి తలుపు తట్టవలెనో తెలియును.